ప్రకటనలు లేని కంప్యూటర్ కావాలంటే: విండోస్, మ్యాక్, ఉబుంటు, మింట్‌లలో ఎవరికి ఏది నయం?

మా మావయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. దసరాకి పిల్లలు ఆయనకి కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చారు. పద్యాలు టైప్ చేసుకోవడం, యూట్యూబ్‌లో అవధానాలు చూడటం, డాలస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడటం, దాంతో ఆయనకి ఉన్న పని ఇంతే. నెల తిరిగేసరికి ఫోన్ చేశారు. "ఒరేయ్, కింద మూలన ఎర్రటి డబ్బా ఒకటి వస్తోందిరా. నీ కంప్యూటర్‌కి రక్షణ లేదు అంటోంది. నొక్కనా, వద్దా?"

"నొక్కకండి మావయ్యా, ఆదివారం నేనొచ్చి చూస్తాను" అన్నాను. నేను వెళ్లేసరికి ఆయన నొక్కేశారు. కార్డు నంబరు ఇచ్చి డబ్బు కూడా కట్టేశారు. అది ల్యాప్‌టాప్‌తో పాటు ముప్ఫై రోజుల ట్రయల్‌గా వచ్చిన ఒక యాంటీవైరస్. గడువు అయిపోయింది అని చెప్పాల్సిన చోట "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని చెప్పింది. విండోస్‌లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ముందునుంచే ఉంటుంది. బయటిది తీసేస్తే అదే తనంతట తాను పనిలోకి దిగుతుంది. ఈ సంగతి ఆ ఎర్ర డబ్బా మీద ఎక్కడా లేదు.

పోయిన డబ్బు కంటే ఆయన ముఖం చూసి ఎక్కువ బాధేసింది. "నేనే తెలివితక్కువ పని చేశానేమోరా" అన్నారు. నలభై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి తన సొంత టేబుల్ మీద ఉన్న వస్తువు ముందు అలా చిన్నబోకూడదు.

అప్పటినుంచి ఎవరైనా ఏ కంప్యూటర్ కొనమంటావు అని అడిగితే, ప్రాసెసర్, ర్యామ్ సంగతి తర్వాత మాట్లాడదాం అంటున్నాను. ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మనం "వద్దు" అంటే ఆ వద్దు ఎన్నాళ్లు నిలబడుతుంది? ఒక్కసారి తీసేస్తే మళ్లీ రాకుండా ఉంటుందా, మూడు రోజులకోసారి తలుపు తడుతుందా, అసలు తీసే వీలే ఉండదా? ప్రకటనలు అస్సలు లేని సిస్టమ్ కోసం వెతికితే చాలామందికి దారి దొరకదు. వద్దన్న మాట ఎక్కడ నిలుస్తుందో చూస్తే ఎంపిక సులువవుతుంది. కింద చెప్పేదంతా ఆ లెక్కనే.

అక్కర్లేనిది ఏ దారిన వస్తుంది?

మూడు దారులున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే చాలామంది "విండోస్ అంటేనే ఇంత" అని వదిలేస్తారు.

మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన కంపెనీ. స్టార్ట్ మెనూలో సిఫార్సులు, లాక్ స్క్రీన్ మీద చిట్కాలు, క్లౌడ్ స్టోరేజీ కొనమనే నోటిఫికేషన్లు అక్కడినుంచి వస్తాయి.

రెండోది ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ. యాంటీవైరస్ ట్రయళ్లు, గేములు, కంపెనీ సొంత "అసిస్టెంట్" ప్రోగ్రాములు ఈ దారిన వస్తాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు డబ్బిచ్చి వాటిని పెట్టిస్తాయి కాబట్టి తక్కువ లాభంతో అమ్మే ల్యాప్‌టాప్‌లకి అదొక ఆదాయం. 2008లో సోనీ కొన్ని వయో ల్యాప్‌టాప్‌ల మీద ఇలాంటివేవీ లేకుండా ఇవ్వడానికి "ఫ్రెష్ స్టార్ట్" పేరుతో 50 డాలర్లు అదనంగా అడిగింది. జనం తిట్టిపోసేసరికి ఆ రుసుము తీసేసింది. శుభ్రమైన కంప్యూటర్ కావాలంటే విడిగా డబ్బు కట్టమన్నారంటే, ఆ చెత్తకి వాళ్ల లెక్కల్లో ఎంత విలువ ఉందో చూడండి.

ఈ దారిన వచ్చినవాటిలో అన్నిటికంటే దారుణమైనది సూపర్‌ఫిష్. 2014 చివర్లో లెనోవో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇది ముందే ఉంది. మనం చూసే వెబ్ పేజీల మధ్యలోకి తన ప్రకటనలు దూర్చడం దాని పని. తాళం గుర్తుండే సురక్షిత పేజీల్లోకి కూడా దూరాలి కాబట్టి, అది కంప్యూటర్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్‌ని నాటుకుంది. అంటే బ్యాంకు వెబ్‌సైట్‌కి, మన బ్రౌజర్‌కి మధ్య కూర్చుని, రెండు వైపులా "నేనే అవతలి మనిషిని" అని చెప్పుకోవడం అన్నమాట. పైగా ఆ కంప్యూటర్లన్నిటిలోనూ ఒకటే తాళంచెవి వాడారు. 2015 ఫిబ్రవరిలో విషయం బయటపడ్డాక భద్రతా నిపుణులు ఆ తాళంచెవి పాస్‌వర్డ్‌ని తేలిగ్గా కనిపెట్టేశారు. అంటే ఒకే వైఫై మీద ఉన్న ఏ దొంగయినా ఆ ల్యాప్‌టాప్ వాడేవాళ్ల బ్యాంకు పేజీని నకిలీ చేయగలిగేవాడు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ 32 రాష్ట్రాలతోనూ 2017లో రాజీ కుదిరింది. రాష్ట్రాలకి లెనోవో 35 లక్షల డాలర్లు కట్టింది. అదే 2015 నవంబర్‌లో డెల్ ల్యాప్‌టాప్‌లలో ఈ-డెల్‌రూట్ అనే సర్టిఫికెట్ దొరికింది. అది ప్రకటనల కోసం పెట్టింది కాదు, సపోర్ట్ కోసం పెట్టింది. ప్రమాదం మాత్రం అలాంటిదే.

మూడో దారి మన ఊళ్లలో బాగా నడుస్తుంది. డాస్ ల్యాప్‌టాప్ అని విండోస్ లేకుండా కాస్త తక్కువకి కొంటాం. షాపతను పెన్‌డ్రైవ్ పెట్టి అరగంటలో విండోస్, ఆఫీస్, ఫోటోషాప్ అన్నీ వేసిచ్చేస్తాడు. వాటిని లైసెన్స్ లేకుండా నడిపించే క్రాక్ ఏం చేస్తుందో అతనికీ తెలియదు, మనకీ తెలియదు. క్రాక్ పనిచేయాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఆ ఒక్క మాట చాలు, వద్దని లేచి వచ్చేయడానికి.

డౌన్‌లోడ్లు కూడా ఈ దారిలోవే. సోర్స్‌ఫోర్జ్ అనే పేరున్న సైటే 2013 నుంచి కొన్నేళ్లపాటు ఉచిత ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లకి వేరే సరుకు చుట్టి ఇచ్చింది. 2015లో జింప్ అనే ఫోటోలు దిద్దుకునే ప్రోగ్రాము ఇన్‌స్టాలర్‌తో అది పెద్ద గొడవై, 2016లో చేతులు మారాక ఆ పద్ధతి ఆపేసింది. జావా ఇన్‌స్టాల్ చేస్తే ఆస్క్ టూల్‌బార్ వచ్చిపడిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. "నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్" అని నొక్కుకుంటూ పోయే మన అలవాటు మీదే ఆ వ్యాపారం నడిచింది. ఏ సిస్టమ్ వాడినా ప్రోగ్రాముని దాని సొంత సైటులోనో, సిస్టమ్ ఇచ్చిన స్టోర్‌లోనో తీసుకోండి. గూగుల్‌లో వెతికితే పైన "స్పాన్సర్డ్" అని వచ్చే లింకు నొక్కకండి.

విండోస్ 11: సర్దుకుని వాడొచ్చు, కానీ కన్నేసి ఉంచాలి

టాలీ కావాలన్నా, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ పని ఉన్నా, పిల్లలు గేములాడాలన్నా విండోస్ తప్పదు. అందుకే దీని గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

ఇక్కడ "వద్దు" ఎందుకు నిలవదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2015 జులైలో విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 వాడేవాళ్లకి ఉచితంగా ఇచ్చారు. తీసుకోండి, తీసుకోండి అని కిందనుంచి ఒక చిన్న కిటికీ వస్తూ ఉండేది. 2016 మేలో ఆ కిటికీని మూసేద్దామని మూలన ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కినవాళ్లకి, అప్‌గ్రేడ్‌కి సరే అన్నట్టు లెక్కకట్టి తేదీ ఖాయం చేశారు. ఇంటూ అంటే మూసేయమని అని ఎన్నో ఏళ్లుగా నేర్పింది కూడా వాళ్లే. విమర్శలు వచ్చాక దాన్ని సరిచేశారు. కానీ నా దృష్టిలో విండోస్‌లో "వద్దు"కి విలువ తగ్గింది అక్కడే. ఆ రోజుల్లోనే స్టార్ట్ మెనూలో క్యాండీ క్రష్ గేము వచ్చింది. 2016లో లాక్ స్క్రీన్ మీద ఒక వీడియో గేము ప్రకటన వచ్చింది. 2017లో ఫైళ్లు వెతుక్కునే కిటికీలోనే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ స్టోరేజీ అయిన వన్‌డ్రైవ్ కొనమనే పట్టీ కనిపించింది. 2024 ఏప్రిల్‌లో విండోస్ 11 స్టార్ట్ మెనూ "రికమెండెడ్" భాగంలోకి స్టోర్ యాప్‌ల ప్రచారం చేరింది.

వీటిలో ప్రతిదానికీ ఆపే స్విచ్ ఉంది. కానీ అన్నీ ఒకచోట ఉండవు. ఒకటి స్టార్ట్ కింద, ఒకటి నోటిఫికేషన్ల అడుగున, ఒకటి ప్రైవసీలో, ఇంకొకటి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్లలో ఉంటుంది.

మావయ్య ల్యాప్‌టాప్‌లో నేను ఏ వరసలో చేశానో చెబుతాను. సెట్టింగ్స్ తెరిచి పర్సనలైజేషన్‌లో స్టార్ట్‌కి వెళ్తే చిట్కాలు, కొత్త యాప్‌ల రికమెండేషన్లు చూపించే స్విచ్ ఉంటుంది, అది ఆఫ్. అక్కడే లాక్ స్క్రీన్‌లో "విండోస్ స్పాట్‌లైట్" తీసేసి మామూలు ఫోటో పెట్టి, కింద చిట్కాలు చూపించమనే టిక్ తీసేశాను. మనవరాలి ఫోటోనే పెట్టాను. టాస్క్‌బార్‌లో విడ్జెట్స్ ఆఫ్. డివైస్ యూసేజ్‌లో ఉన్నవన్నీ ఆఫ్. తర్వాత సిస్టమ్, అందులో నోటిఫికేషన్స్. అట్టడుగుకి వెళ్తే "అడిషనల్ సెట్టింగ్స్" అని మడతపెట్టి ఉంటుంది. దాన్ని తెరిస్తే మూడు టిక్‌లు కనిపిస్తాయి, మూడూ తీసేయాలి. రెండోది చాలా ముఖ్యం. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర నిండా వచ్చి "సెటప్ పూర్తిచేద్దాం" అని అడిగి, "మూడు రోజుల తర్వాత గుర్తుచేయి" తప్ప "ఎప్పటికీ వద్దు" అనే బటన్ ఇవ్వని పేజీని ఆపేది అదే.

ఆ తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లాలి. అడ్వర్టైజింగ్ ఐడీ, సెట్టింగ్స్‌లో సూచించే విషయాలు కొన్ని వెర్షన్లలో "జనరల్" కింద ఉంటాయి, కొత్తవాటిలో "రికమెండేషన్స్ అండ్ ఆఫర్స్" కింద ఉంటాయి. అన్నీ ఆఫ్ చేయండి. డయాగ్నోస్టిక్స్‌లో "టైలర్డ్ ఎక్స్‌పీరియన్సెస్" కనిపిస్తే అదీ ఆఫ్. సెర్చ్ విభాగంలో "సెర్చ్ హైలైట్స్" ఆఫ్. చివరగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్లలో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి "సింక్ ప్రొవైడర్ నోటిఫికేషన్స్" టిక్ తీసేయాలి. పేరు చూస్తే ప్రకటన అనిపించదు. ఆ పట్టీలు వచ్చేది మాత్రం దానిలోంచే.

వన్‌డ్రైవ్ గురించి విడిగా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసుకుంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ బ్యాకప్‌లోకి వెళ్లే అవకాశం ఉంది. ఉచితంగా దొరికేది 5 జీబీ. ఒక పెళ్లి ఫోటోలు ఎక్కిస్తే నిండిపోతుంది. నిండగానే "చోటు అయిపోయింది, కొనుక్కోండి" అని మొదలవుతుంది. తెలియనివాళ్లు కంప్యూటర్‌లోనే చోటు అయిపోయిందనుకుని కంగారుపడతారు. అలాగని కోపంతో వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు చెరిపేస్తే కంప్యూటర్‌లోవి కూడా పోతాయి, జాగ్రత్త. ముందు వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆపి, ఫైళ్లు కంప్యూటర్‌లోని మామూలు ఫోల్డర్‌లోకి వచ్చాయని కళ్లారా చూసుకున్నాకే మిగతా పని చేయండి.

హోమ్ కంటే ప్రో ఎడిషన్ నయమా అని అడుగుతారు. కొంతవరకే. ప్రోలో సెటప్ చేసేటప్పుడు "వర్క్ ఆర్ స్కూల్" ఎంచుకుని, సైన్ ఇన్ ఆప్షన్లలో "డొమైన్ జాయిన్ ఇన్‌స్టెడ్" అంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా లోకల్ అకౌంట్ పెట్టుకోవచ్చు. అకౌంట్ లేకపోతే సగం పోరు ఉండదు. కానీ అక్కర్లేని యాప్‌లు రాకుండా మూకుమ్మడిగా ఆపే పాలసీని మైక్రోసాఫ్ట్ 2016లోనే ప్రో నుంచి తీసేసి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే ఉంచింది. ప్రకటనల కోసమే అయితే ప్రోకి డబ్బు పెట్టనక్కర్లేదు.

నన్ను నిజంగా మండించే విషయం ఇంకొకటుంది. యూరప్ డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చి నుంచి అక్కడి విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్‌నీ, సెర్చ్‌లోని బింగ్‌నీ తీసేయొచ్చు. జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో చదువుకుంటూ అక్కడి ప్రాంతం పెట్టి సెటప్ చేసుకున్న మన పిల్లలకి ఆ వీలు ఉంది. అదే విండోస్‌లో హైదరాబాద్‌లో మనకి లేదు. అంటే తీయడం సాంకేతికంగా కుదరదు అనే మాట నిజం కాదు. చట్టం అడిగిన చోట కుదిరింది, అడగని చోట కుదరలేదు.

ల్యాప్‌టాప్ కంపెనీ చెత్త వదిలించుకోవడానికి విండోస్‌లో అన్నిటికంటే మంచి పద్ధతి, కొన్న మొదటి రోజే తుడిచేసి మైక్రోసాఫ్ట్ సైటులో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ మళ్లీ వేసుకోవడం. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది, తనే యాక్టివేట్ అవుతుంది. అయితే దానికి ముందు రెండు పనులు చేయండి. వైఫై డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. మన దగ్గర చాలా ల్యాప్‌టాప్‌లతో ఆఫీస్ కూడా ఇస్తారు, అది పనికొచ్చే సరుకు. దాన్ని ముందే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో యాక్టివేట్ చేసుకోండి. అది చేయకుండా తుడిచేసి తర్వాత తల పట్టుకున్నవాళ్లని చూశాను.

అక్కర్లేనివన్నీ ఒకేసారి తీసేసే "డీబ్లోట్" స్క్రిప్టులని యూట్యూబ్‌లో చాలా చూపిస్తారు. అందులో ప్రతి లైనూ అర్థమయ్యేవాళ్లు వాడుకోవచ్చు. అమ్మానాన్నల కంప్యూటర్‌లో మాత్రం వద్దు. స్టోర్ పోతుంది, అప్‌డేట్లు ఆగుతాయి, ఆర్నెల్ల తర్వాత ఎందుకు పాడైందో ఎవరికీ తెలియదు.

మ్యాక్: ఇంటివాళ్ల పోరు తప్ప బయటివాళ్లు రారు

మ్యాక్‌లో రెండో దారి లేనే లేదు. కంప్యూటర్, సిస్టమ్ రెండూ యాపిల్‌వే కాబట్టి మధ్యలో ఎవరూ ట్రయల్ యాంటీవైరస్ దూర్చలేరు. డబ్బా తెరిచిన రోజు అందులో బయటి కంపెనీ యాప్ ఒక్కటీ ఉండదు. మావయ్యకి జరిగింది మ్యాక్‌లో జరగదు.

అలాగని ప్రకటనలు అస్సలు లేవని కాదు. యాపిల్ మ్యూజిక్ ట్రయల్, ఐక్లౌడ్ చోటు, యాపిల్‌కేర్ అంటూ సెట్టింగ్స్ పక్కన ఎర్ర చుక్క పెడుతుంది. ఇక్కడా ఉచిత ఐక్లౌడ్ 5 జీబీయే. కొన్ని యాపిల్ యాప్‌లలో ప్రకటనలు ఉంటాయి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో "యాపిల్ అడ్వర్టైజింగ్"కి వెళ్లి పర్సనలైజ్డ్ యాడ్స్ ఆపొచ్చు. దాంతో ప్రకటనలు ఆగవు, మనల్ని గమనించి చూపించడం ఆగుతుంది. టీవీ, మ్యూజిక్, స్టాక్స్, ఆఖరికి చెస్ కూడా తీసేయలేం. 2019లో క్యాటలినా అనే మ్యాక్ వెర్షన్ నుంచి సిస్టమ్ భాగం చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా చేశారు. అవి ఆ భాగంలోనే ఉంటాయి. అది భద్రత కోసం చేసిన పనే, నేను ఒప్పుకుంటాను. కానీ స్టాక్స్ యాప్‌కి అందులో చోటెందుకో నాకు అర్థం కాదు. ఐమూవీ, గ్యారేజ్‌బ్యాండ్ మాత్రం తీసేయొచ్చు, పెద్దవి కాబట్టి తీస్తే చోటు మిగులుతుంది.

మన లెక్కలో చూస్తే, మ్యాక్‌లో కొన్నిటికి "వద్దు" చెప్పే అవకాశమే లేదు. చెప్పగలిగిన చోట మాత్రం అది చాలావరకు నిలుస్తుంది. సెటప్‌లో యాపిల్ అకౌంట్‌ని తర్వాత చూద్దాం అని దాటేయొచ్చు కూడా. చిక్కల్లా ధరతోనే. 2025 మార్చిలో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 99,900 రూపాయలకి మొదలైంది. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువు నడుస్తుంటే అది చిన్న మాట కాదు.

ఉబుంటు: తప్పు చేసింది, కొంత దిద్దుకుంది

విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల సిస్టమ్ లినక్స్. ఉబుంటు, మింట్ దానిలో రకాలు. లినక్స్ అంటే ప్రకటనలు ఉండవని కొందరు కళ్లు మూసుకుని చెబుతారు. ఉబుంటు కథ తెలిస్తే అలా చెప్పరు. 2012 అక్టోబర్‌లో వచ్చిన 12.10 వెర్షన్‌లో, మన కంప్యూటర్‌లో ఫైలు కోసం వెతికితే ఆ మాట బయటి సర్వర్‌కి వెళ్లి, ఫైళ్ల పక్కన అమెజాన్ వస్తువులు కనిపించేవి. సొంత బీరువాలో చీర వెతుక్కుంటుంటే పక్కన నిలబడి కొత్త చీర అమ్మినట్టు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని స్పైవేర్, అంటే గూఢచారి ప్రోగ్రాము, అనే అన్నారు. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ కూడా తప్పుపట్టింది. 2016లో 16.04తో దాన్ని ముందునుంచే ఆఫ్‌లో ఉంచడం మొదలుపెట్టారు. డాక్‌లోని, అంటే తెర అంచున ఉండే యాప్‌ల వరసలోని, అమెజాన్ గుర్తు పోవడానికి 2020లో 20.04 దాకా పట్టింది.

ఇప్పటి సంగతి వేరు. 2022 నుంచి టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) అప్‌డేట్ చేసేటప్పుడు అదనపు భద్రతా అప్‌డేట్లిచ్చే ఉబుంటు ప్రో గురించి ఒకటి రెండు లైన్లు వస్తాయి. వ్యక్తిగతంగా వాడుకునేవాళ్లకి అది ఐదు కంప్యూటర్ల వరకు ఉచితమే. ఆ లైన్లలో కొన్నిటిని ఒక ఆదేశంతో ఆపొచ్చు. టెర్మినల్ తెరవనివాళ్లకి అవి కనపడను కూడా కనపడవు. స్నాప్ పేచీ మాత్రం మిగిలి ఉంది. స్నాప్ అంటే ప్రోగ్రాముల్ని మూటకట్టి ఇవ్వడానికి ఉబుంటు కంపెనీ పెట్టిన సొంత పద్ధతి. 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్‌ని మామూలు పద్ధతిలో ఇన్‌స్టాల్ చేయమని అడిగినా స్నాప్ రూపంలోనే ఇస్తుంది. అది ప్రకటన కాదు, కానీ అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. పాత కంప్యూటర్లలో స్నాప్ మొదటిసారి తెరుచుకోవడం నెమ్మది కూడా. మెచ్చుకోవాల్సింది ఏంటంటే, 23.10 నుంచి మామూలు ఇన్‌స్టాలేషన్‌లోనే యాప్‌లు బాగా తగ్గించారు. బ్రౌజర్, కొన్ని అవసరమైన పనిముట్లు ఉంటాయి, మిగతావి మన ఇష్టం.

లినక్స్ మింట్: ఇంట్లో వాడుకోవడానికి నా ఓటు దీనికే

మింట్ ఉబుంటు పునాది మీదే కట్టింది. 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ మొదలుపెట్టారు. విరాళాలు, స్పాన్సర్ల మీద నడుస్తుంది. పైన చెప్పిన స్నాప్ పద్ధతి నచ్చక 2020లో వచ్చిన మింట్ 20 నుంచి, వాడేవాళ్లు కావాలని అడిగితే తప్ప స్నాప్ రాకుండా ఆపేశారు. కిందినుంచి వచ్చిన ఒత్తిడిని పైకి రానివ్వకుండా వాడేవాళ్ల తరఫున నిలబడటం అంటే ఇదీ.

మెనూలో ప్రకటన ఉండదు. అకౌంట్ అడగదు. అప్‌డేట్ ఎప్పుడు చేయాలో మనకే వదిలేస్తుంది. ఒకసారి తీసేసిన ప్రోగ్రాము అప్‌డేట్‌లో తిరిగి రాదు. మన లెక్కలో "వద్దు" పూర్తిగా నిలబడేది ఇక్కడే. లోపం చెప్పాలంటే ఫైర్‌ఫాక్స్. 2022లో మొజిల్లాతో ఒప్పందం అయ్యాక మింట్‌లో వచ్చేది మొజిల్లా సెట్టింగులతో ఉండే ఫైర్‌ఫాక్స్. కొత్త ట్యాబ్‌లో కొన్ని దేశాల్లో స్పాన్సర్డ్ షార్ట్‌కట్లు కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో హోమ్‌కి వెళ్లి ఆ టిక్ తీసేస్తే సరి.

పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇది వరం. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అదనపు భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకున్నవాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా ఉంది. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లని, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి మెషీన్‌లో 4 జీబీ ర్యామ్ ఉన్నా మింట్‌లో తేలికైన రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ హాయిగా నడుస్తుంది. 2024 జులైలో వచ్చిన మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి.

తెలుగు సంగతి అడుగుతారు కదా. లినక్స్‌లో భాషలు టైప్ చేయడానికి వాడే ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు లేఅవుట్లు ఉన్నాయి. ఆర్‌టీఎస్ అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి కాబట్టి కొత్తవాళ్లకి సులువు. యూనికోడ్ తెలుగుకి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ చాలు. చేయి పట్టుకుని నడిపించేవాళ్లు కావాలంటే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా ఈ పనిలోనే ఉంది. కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. మన పిల్లలకి రాకపోవడానికి కారణం ఏమీ లేదు.

కుదరని చోటు కూడా చెప్పాలి. టాలీ దీని మీద నేరుగా నడవదు. అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్ ఫైళ్ల మీద బతికే డీటీపీ సెంటర్లు దీన్ని నమ్ముకోలేవు. ఫోటోషాప్ వృత్తిగా వాడేవాళ్లకీ అంతే. ప్రింటర్ ఏది కొనబోతున్నారో ముందే చూసుకోండి.

గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ అనే సిస్టమ్ గురించి ఒక్క మాట. పాత ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చు, ఉచితం, ట్రయళ్లు ఏవీ రావు. కానీ పనంతా గూగుల్ అకౌంట్ మీదే, ఆండ్రాయిడ్ యాప్‌లు దానిలో నడవవు. బ్రౌజర్ ఒక్కటే చాలనుకునేవాళ్లకి సరిపోతుంది.

ఇంతకీ ఎవరికి ఏది?

ఇంట్లో పెద్దవాళ్లు బ్రౌజర్, వీడియో కాల్, తెలుగు టైపింగ్‌కి వాడతారు, దగ్గర్లో ఒకసారి సెటప్ చేసిచ్చే మనిషి ఉన్నాడు అంటే మింట్ వేయండి. కొత్తది కొననక్కర్లేదు, పాతదానిలో వేయండి. నేర్చుకోవాల్సింది కూడా పెద్దగా లేదు. కింద ఎడమ మూలన మెనూ, పక్కన బ్రౌజర్, అంతే.

డాస్ ల్యాప్‌టాప్ కొన్న డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకి కూడా మింట్ గానీ ఉబుంటు గానీ చెబుతాను. షాపులో క్రాక్ విండోస్ వేయించుకోవడం కంటే ఏది వేసుకున్నా నయమే. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి ఉబుంటులో ఇంకో లాభం, ఇంటర్నెట్‌లో దొరికే సూచనలు ఎక్కువగా దానికే రాసి ఉంటాయి.

వ్యాపారం, అకౌంట్లు, డీటీపీ ఉన్నవాళ్లు విండోస్‌లోనే ఉండండి. కాకపోతే డబ్బిచ్చి కొన్న లైసెన్స్ ఉండాలి, మొదటి రోజే తుడిచి వేసుకోవాలి, పైన చెప్పిన స్విచ్‌లు ఒక గంట కూర్చుని ఆపాలి. షాపులో నలుగురు వాడే కంప్యూటర్ అయితే రోజువారీ అకౌంట్‌కి అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. ఎవరు పొరపాటున ఏది నొక్కినా చాలా ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ కాకుండా పాస్‌వర్డ్ దగ్గర ఆగుతాయి. ఈ ఒక్క పని సగం టెన్షన్ తీసేస్తుంది.

డబ్బు ఇబ్బంది లేదు, సెటప్ చేసిచ్చే మనిషి ఎవరూ లేరు, పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఫోన్ కూడా ఐఫోనే అంటే మ్యాక్ కొనండి. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రి రెండింటికి లేచి "ఆ డబ్బా నొక్కకమ్మా" అని చెప్పాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.

మావయ్య దగ్గర చివరికి రెండూ ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్‌ని తుడిచి విండోసే వేశాను, పాత పేజ్‌మేకర్ ఫైళ్లలో ఆయన రాసుకున్న వ్యాసాలు ఉన్నాయి మరి. అటక మీద మూలపడ్డ పదేళ్లనాటి ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాను. యాంటీవైరస్ ఆటో రెన్యువల్ రద్దుచేయించాను. విండోస్ స్విచ్‌ల జాబితాని ఆయనే తన గుండ్రటి చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు. ఏడాదికోసారి విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ కాగితం తీసి ఒక్కొక్కటీ మళ్లీ చూసుకోవాలని ఇద్దరం అనుకున్నాం. కాగితం అడుగున ఎర్ర ఇంకుతో ఇంకో లైను ఉంది, అది నేను చెప్పింది కాదు, ఆయనే చేర్చుకున్నారు: "డబ్బు అడిగితే ఆ రోజు కట్టకూడదు. మర్నాడు చూద్దాం."